దీపం ఆరని గది

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులో మేము కిరాయికున్న ఇల్లు మొదట ఇల్లు కాదు. గోదాము అనుకుని కట్టిన భవనం. మార్కెట్ అక్కడ నడిచినన్నాళ్లు కింద షట్టర్ల వెనక బత్తాయి కుప్పలు, పైన హమాలీలు నడుం వాల్చే గదులు ఉండేవట. మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయాక ఓనరమ్మ పైగదులకు సున్నం వేయించి, వంటగట్టు కట్టించి సంసారాలకు ఇచ్చింది. మా ఆయన పనిచేసే చీరల దుకాణం దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ఆ దుకాణం చీరలకే ఫాల్, పీకో కుట్టేదాన్ని. అందుకని ఆ ఇల్లు మాకు కుదిరింది.

ఉండేది ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్తమ్మ. మా అమ్మాయి వరంగల్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకునేది. అత్తమ్మ పోచంపల్లి పక్క పల్లెలో మగ్గాల మధ్య పుట్టి, మళ్లీ మగ్గాల ఇంటికే కోడలిగా వచ్చిన మనిషి. మామయ్య చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన పోయాక మగ్గాన్ని ఎవరికో ఇచ్చేసి, నేలలో దాని గుంట పూడ్పించి మా దగ్గరికి వచ్చేసింది. చూపు తగ్గింది గానీ చేతి తెలివి తగ్గలేదు. చీర కొంగు వేళ్ల మధ్య నలిపి, అది మగ్గం మీద నేసిందో మిల్లు నుంచి వచ్చిందో చెప్పేసేది. దుకాణం నుంచి చీరల మూట రాగానే ముందు ఆమె ఒళ్లో పెట్టేదాన్ని. అది ఆమెకు కాలక్షేపం.

ఉన్న రెండు గదుల్లో వెనకది అత్తమ్మది. ఆ గది మూల ఒకచోట నేల మిగతా నేలలా ఉండేది కాదు. గోదాము రోజుల్లో కింది నుంచి పైకి సరుకు అందించడానికి స్లాబులో కంత వదిలారట. తర్వాత దాని మీద చెక్కలు పరిచి, పైన రెగ్జిన్ షీటు వేశారు. అడుగు వేస్తే కొంచెం డొల్లగా మోగేది. మేము దాని మీద ట్రంకు పెట్టె పెట్టుకున్నాం.

ఆ ఏడు చలి తొందరగా వచ్చింది. అయ్యప్ప మాలలు వేసుకున్నవాళ్లు సందుల్లో కనబడుతున్న రోజులు. మా కింది షట్టర్‌ని ఒక అరటిపండ్ల వ్యాపారి తీసుకున్నాడు. విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, నెమ్మదస్తుడు. పచ్చి గెలలు తెచ్చి లోపల పేర్చి, మాగాక బండ్లవాళ్లకు వేసేవాడు. పూజల కాలం కదా, గిరాకీ బాగా ఉండేది. సందు మలుపు తిరగ్గానే అరటిపండు తియ్యటి వాసన వచ్చేది. ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టినట్టు ఉందని అత్తమ్మ సంబరపడింది.

కొన్నాళ్లకు ఆమె ఇంకో సంగతి కనిపెట్టింది. పెట్టె కింది నేల వెచ్చగా ఉంటోందట. నేను వంగి చెయ్యి పెట్టి చూశాను. నిజమే. ఎవరో అంతదాకా పడుకుని లేచి వెళ్లిన పక్కలా, గోరువెచ్చగా ఉంది. అత్తమ్మ పెట్టె జరిపించి తన చాప అక్కడే వేయించుకుంది. మోకాళ్ల నొప్పులకు హాయిగా ఉందంటే మేమూ సరేనన్నాం. చలిగాలికి ఆమె గది కిటికీ మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కాను.

ఆ తర్వాత ఒక పొద్దున నేను చాయ్ తీసుకుని వెళ్తే అత్తమ్మ పక్కకు ఒత్తిగిలి, చెవి నేలకు ఆనించి పడుకుని ఉంది.

"ఏంది అత్తమ్మా, గట్ల పన్నవ్?"

"జర ఆగు బిడ్డా. మీ మామ మగ్గం మీద కూసున్నడు."

ఆమె ముఖంలో భయం లేదు. ఎదురింటికి ఎవరో వచ్చారని చెప్పినట్టు చెప్పింది.

"ఏడ కూసున్నడు అత్తమ్మా?"

అరచేత్తో నేలను మెల్లగా తట్టింది. "గీడనే. కింద. పొద్దుగాల మొదలువెట్టిండు. ఇంక లేవలే."

గుంట మగ్గం నేలలోనే ఉంటుంది. నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి దించుతాడు. అందుకే ఆ ఇళ్లలో మగ్గం చప్పుడు కాళ్ల కింది నుంచి వచ్చినట్టే ఉంటుంది. అత్తమ్మకు అందులో వింత ఏమీ తోచలేదు. ముసలితనం కదా, కల ఏదో మెలకువలోకి వచ్చి ఉంటుందనుకున్నాను. చాయ్ తాగించి, ఎండలో కాసేపు కూర్చోబెడదామని వరండాలోకి తీసుకొచ్చాను. అక్కడ కూర్చున్నాక ఆమె తన మాట తనే మరిచిపోయి, పక్కింటి మేడ మీద ఆరేసిన చీరల రంగులు అడగడం మొదలుపెట్టింది.

నాకూ అప్పటికే తలనొప్పి మొదలైంది. నుదురు చుట్టూ తడిగుడ్డ బిగించి కట్టినట్టు ఉండేది. మిషన్ మీద కూర్చుంటే దారం సూదిలోకి పోయేది కాదు. కళ్లజోడు మార్చుకోవాలేమో అనుకున్నాను. మా ఆయన పగలంతా దుకాణంలోనే ఉంటాడు కాబట్టి బాగానే ఉండేవాడు. సెలవు దొరికి ఇంట్లో ఉన్న రోజు మాత్రం సాయంత్రానికి తల పట్టుకుని కూర్చునేవాడు. "ఇంట్ల ఉంటె నాకు పడది, దుకాణమే నయం," అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

తర్వాత ఆ చప్పుడు నేనూ విన్నాను.

మధ్యాహ్నం పూట. అత్తమ్మ నిద్రపోతోంది. నేను ఆమె పక్కనే కూర్చుని ఒక చీర అంచు కత్తిరిస్తున్నాను. ముందు దూరంగా, ఎవరో గోడ అవతల పిండి దంచుతున్నట్టు అనిపించింది. కత్తెర ఆపాను. చప్పుడు ఆగలేదు. ఒక దెబ్బ, కాస్త ఎడం, మళ్లీ దెబ్బ. మధ్యలో సన్నగా జారే శబ్దం, పోగుల మధ్య నుంచి మగ్గం నాడె అటు నుంచి ఇటు పరుగెత్తినట్టు. నేను పెళ్లై వచ్చిన కొత్తలో రోజూ విన్న చప్పుడే. లేచి ముందు గదిలోకి వచ్చాను. అక్కడికీ వచ్చింది, కొంచెం మెత్తగా. వరండాలోకి వచ్చి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాక కొంతసేపటికి తగ్గిపోయింది. సందులో సైకిల్ మీద ఎవరో కొత్తిమీర అమ్ముకుంటూ పోతున్నారు.

మా ఆయనకు చెప్పలేదు. ఆయన అప్పటికే తల్లి మాటలకు దిగులుపడి ఉన్నాడు.

ఆ మర్నాడు కిందికి వెళ్లి వ్యాపారిని అడిగాను, లోపల మిషన్ ఏమైనా నడుస్తోందా అని.

"మిషనెందుకమ్మా, గెలలకి? చూద్దురుగాని రండి," అని షట్టర్ ఎత్తాడు. నేను అడుగు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "కాసేపాగండి. గాలాడాలి. అరటికాయ కూడా మనలాగే ఊపిరి వదులుతుందండి. తియ్యగానే లోపలికెళ్తే ఆయాసం వచ్చేస్తుంది. నేనెప్పుడూ కొంచెంసేపు బయట నిలబడే వెళ్తా."

కొంతసేపయ్యాక వెళ్లాం. లోపల కిటికీ లేదు. గోనె పట్టాల కింద గెలలు గోడల దాకా పేర్చి ఉన్నాయి, సగం పచ్చగా సగం పసుపుగా. పడుకున్న మనుషుల మీద దుప్పట్లు కప్పినట్టు ఉంది. మధ్యలో ఇనప బాండలిలో బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. పొగ చుక్క కూడా లేదు.

"చలికి కాయ మాగట్లేదండి. అందుకని కుంపటి. ముందే బయట బాగా రగిల్చి, పొగ పోయాకే లోపల పెడతా. మీ ఇంట్లోకి పొగ రాకూడదు కదా," అన్నాడు.

తల ఎత్తి చూశాను. నిప్పులకు సూటిగా పైన, స్లాబులో నలుచదరంగా చెక్కలు. అత్తమ్మ చాప దాని మీదే ఉంటుందని నాకు తెలుసు. నేల ఎందుకు వెచ్చగా ఉందో అప్పుడు అర్థమైంది. అంతే అర్థమైంది. పొగ లేని నిప్పు కదా అని నిశ్చింతగా పైకి వచ్చేశాను.

తలనొప్పులు, చప్పుళ్లు, అత్తమ్మ నీరసం పెరిగేసరికి ఓనరమ్మకు చెప్పాను. ఆమెది ఎదురుగా ఉన్న పాత ఇల్లు. పుట్టిల్లు బడంగ్‌పేట్ దగ్గర. అక్కడ కాలనీలు రాకముందు వాళ్లకు పొలాలు, బావులు ఉండేవి. అంతా విని, ప్రమిద తీసుకుని మా ఇంటికి వచ్చింది. అత్తమ్మ గది నడుమ నేల మీద పెట్టి వెలిగించింది.

"మా నాయిన బావిల పూడిక తీపియ్యాలంటె ముందుగాల లాంతరు దించుతుండె," అంది వత్తినే చూస్తూ. "బావిల గాలి పాడైతే లాంతరు ఆరిపోతది. ఒకసారి లాంతరు దించకుండ ఒకడు దిగిండు. మధ్యల్నే రొప్పుడు మొదలైంది. నోరు తెరిచి, గొంతు పట్టుకుని, పైకి రావాలని మెట్లు దేవులాడిండు. చేతికి దొరకలే. వాన్ని తీసుకొద్దమని దిగినోడు గూడ రాలే. నేను ఒడ్డు మీదున్న. పిల్లని నేను, గౌను పట్టుకుని నిలబడ్డ."

మేము ముగ్గురం దీపం చుట్టూ కూర్చుని చూశాం. మంట నిటారుగా ఉంది. రెపరెప కూడా లేదు. దాని వెలుగులో అత్తమ్మ ముఖం చాలా కళగా కనబడింది. బుగ్గలు ఎర్రబడి పడుచు వయసులో ఉన్నట్టుంది. ఆమె దీపం వైపు చూడటం లేదు. నేల వైపు తల వంచి వింటోంది.

"గాలి మంచిగనే ఉన్నది," అంది ఓనరమ్మ. గొంతు తగ్గించింది. "గాలి గాకుంటె ఇంకేందో ఉన్నట్టె. కొన్ని దినాలు గీ దీపం ఆరకుండ చూస్కో. మా సుట్టమొకామె ఉన్నది, పిలిపిస్త."

మా ఆయనకు అది నచ్చలేదు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ బీరువాలోంచి తీశాడు. వేలికి పెట్టుకుంటే ఒంట్లో ఆక్సిజన్ ఎంతో అంకె చూపిస్తుందే, అది. తల్లి వేలికి పెట్టాడు. తొంభై ఎనిమిది. నా వేలికి పెట్టాడు. తొంభై తొమ్మిది. ఆ రోజుల్లో ఈ అంకె కోసమే కదా జనం అల్లాడిపోయింది.

"ఇగో, ఊపిరికైతే ఏం ఫికర్ లేదు," అన్నాడు. "రక్తం తక్కువుందేమో. వచ్చే వారం టెస్ట్ చేపిద్దం."

దీపం బాగుందంది. అంకె బాగుందంది. కింద పొగ లేదు. మిగిలింది నేల కింద కూర్చుని నేస్తున్న మనిషి ఒక్కడే. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ఆ రోజుల్లో నేను మామయ్య ఫొటో ముందు నిలబడి మనసులో అడిగాను, మా నుంచి ఏం కావాలని.

మంచు బాగా కురిసిన ఒక పొద్దున మా ఆయన వాంతి వచ్చినట్టుందని దుకాణానికి వెళ్లలేదు. కుట్టిన చీరలు నేనే ఇచ్చి రావడానికి బయల్దేరాను. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మెట్రో స్తంభాల కింద నుంచి నడుస్తుంటే తల చుట్టూ బిగించిన కట్టు ఒక్కో చుట్టూ విప్పినట్టు వదిలింది. దుకాణం చేరేసరికి నాకు ఆకలి వేసింది. ఆకలి వేసి ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది. చాయ్ తాగి, రెండు మాటలు మాట్లాడి, కొత్త మూట తీసుకుని తిరిగొచ్చాను.

ఇంట్లో అలికిడి లేదు. మా ఆయన ప్లాస్టిక్ కుర్చీలో తల పక్కకు వాల్చి నిద్రపోతున్నాడు. లోపల అత్తమ్మ వెచ్చటి మూల చాప మీద పడుకుని ఉంది. పక్కన ప్రమిద నిటారుగా వెలుగుతోంది. పిలిచాను. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ పలకలేదు. పెదాల మీద నవ్వులాంటిది ఉంది. గాభరాగా ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెట్టాను. తొంభై ఎనిమిది. ఆయన వేలికి పెట్టాను. తొంభై తొమ్మిది. పాపం, చలికి మత్తుగా పడుకున్నారు, పడుకోనీ అనుకున్నాను.

అనుకుని నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. గది వెచ్చగా ఉంది. చప్పుడు మొదలైంది, ఈసారి చాలా దగ్గరగా, నా తలలోనే నేస్తున్నట్టు. భయం వేయలేదు. అదే ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, భయం వేయకపోవడం. అన్నం పెట్టాలి, తొందరేముంది, అనుకున్నట్టు గుర్తు. ఊపిరి ఆడకపోవడం లాంటిది ఏమీ లేదు. ఎంతో తేలిగ్గా ఆడుతోంది.

ముందు గదిలో పెద్ద చప్పుడైంది. మా ఆయన లేవబోయి కుర్చీతో సహా పడిపోయాడు. ఆ చప్పుడుకి నేను కదిలాను.

"కాళ్లు లేస్తలేవు," అన్నాడు నేల మీద నుంచి. తాగినవాడి మాటలా ముద్దగా ఉంది. "నా కాళ్లు నాకు ఇంటలేవు."

వరండా ఎంతో దూరంగా కనిపించింది. మోకాళ్ల మీద పాకానో, గోడ పట్టుకుని వెళ్లానో ఇప్పుడు చెప్పలేను. పిట్టగోడ మీద వాలి ఓనరమ్మను పిలిచాను. సగం గొంతే వచ్చింది. కింద గెలలు దించుకుంటున్న వ్యాపారి తలెత్తి చూసి, చేతిలోది అక్కడే వదిలేసి మెట్లెక్కి వచ్చాడు. ఓనరమ్మ కూడా వచ్చింది. అత్తమ్మను చాపతోనే ఎత్తి కిందికి దించారు. ఆయన్ని చెరో పక్క పట్టుకున్నారు. సందులో గాలి ముఖానికి తగలగానే నాకు వాంతి అయింది. ఎవరో ఆటో పిలిచారు. ఎల్బీనగర్ వైపున్న ఒక దవాఖానకు వెళ్లాం.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముందు అత్తమ్మ ముఖానికి మాస్క్ బిగించి ఆక్సిజన్ పెట్టించింది. తర్వాత మా ఇద్దరికీ. మా ఆయన తన ఫోన్ తీసి, ఆక్సీమీటర్ అంకెకు తీసిన ఫొటో చూపించాడు. "మేడమ్, మంచిగనే ఉన్నది చూడుండ్రి."

ఆమె ఫొటో చూడలేదు. "ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చిందా తలనొప్పి?"

"అవు."

"బయటికి పోతే తగ్గుతుందా?"

నేను తల ఊపాను.

"గీజర్ గ్యాస్‌తో నడిచేదా? జనరేటర్ ఉందా దగ్గర్లో? బొగ్గులు, కట్టెలు?"

కింద అరటిపండ్ల గది, బాండలి, చెక్కలు వేసిన కంత, అన్నీ చెప్పాను. ఆమె నర్సును పిలిచి రక్తం తీసి దేనికో ప్రత్యేకంగా పంపమంది. ఫలితం వచ్చాక మా మంచాల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది.

"మనం వదిలే ఊపిరిలో ఉండేది కార్బన్ డయాక్సైడ్. అది ఎక్కువైతే ఒళ్లే గోల చేస్తది. ఆయాసం వస్తది, రొప్పుతం, ఎట్లాగైనా బయటపడాలని చూస్తం. దాంతో ప్రాణం పోదని కాదు, పోతది. కానీ అది వస్తోందని ఒంటికి తెలుస్తది. మీకు పట్టింది కార్బన్ మోనాక్సైడ్. పేర్లు అక్కాచెల్లెళ్లలా ఉంటయి, గుణాలు వేరు. గాలి సరిగ్గా అందని నిప్పు నుంచి ఇది పుడుతది. రంగు లేదు, వాసన లేదు, ఆయాసం రాదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట ఇది పోయి కూర్చుంటది, లేవమన్నా లేవదు. మనిషి నిద్రొస్తుందనుకుంటడు."

"మరి వేలికి పెట్టే మిషన్?" అన్నాడు మా ఆయన.

"అది రక్తం ఎంత ఎర్రగా ఉందో చూస్తది. ఆక్సిజన్ కూర్చున్నా ఎరుపే, ఇది కూర్చున్నా ఎరుపే. తేడా దానికి తెల్వదు."

మంచం పక్కన నిలబడి ఉన్న ఓనరమ్మ అడిగింది. "దీపం పెట్టి చూసినమమ్మా. ఆరలే."

"బావిలో అయితే ఆరేదే. అక్కడ ఆ బరువు గాలి కింద నిండిపోయి ఆక్సిజన్ ఉండదు. మీ గదిలో దీపానికి కావాల్సినంత ఆక్సిజన్ ఉంది. దీపానికి రక్తం లేదు కదమ్మా, దానికేమైతది?"

గుమ్మం దగ్గర నిలబడ్డ వ్యాపారి లోపలికి రాలేదు. "నేను రోజూ వెళ్తున్నానండి ఆ గదిలోకి," అన్నాడు మెల్లగా. "నాకేం కాలేదు."

"మీరు తలుపు తీసి ఆగి వెళ్తున్నరు. ఉండేది కొంచెంసేపు. మూసిన గదిలో ఆ కాయలన్నీ ఊపిరి తీసి గాలి పాడు చేస్తయి. ఇంక బొగ్గులకి మంచి గాలెక్కడిది? అవి సరిగ్గా మండవు. పుట్టిందంతా వేడితో పాటు పైకి, వీళ్ల గదిలోకే పోయింది."

అతను తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఆ సాయంత్రమే బొగ్గులన్నీ సందులో పోసి నీళ్లు చల్లాడని తర్వాత తెలిసింది. ఓనరమ్మ చెక్కలు పీకించి ఆ కంతను సిమెంటుతో మూయించింది.

డాక్టరమ్మ వెళ్లబోతుంటే అడిగాను, చప్పుళ్లు ఎందుకు వినపడ్డాయని. మెదడుకు ఆక్సిజన్ తగ్గితే లేనివి కనబడతాయి, వినబడతాయి, చెవుల్లో రక్తం కొట్టుకునే చప్పుడే మనకు తెలిసిన చప్పుడులా అనిపిస్తుంది అంది. అది నాకు సరిపోయింది. అత్తమ్మ ముందే చెప్పింది కాబట్టి నేనూ మగ్గమే విన్నాను.

అప్పుడు మా ఆయన మాస్క్ పక్కకు జరిపి అన్నాడు. "నాకు మగ్గం వినపడలే. మా నాయిన దగ్గు వినపడ్డది. నేసుడు ఆపి దగ్గుతుండె కదా, గట్ల. గందుకే లేవబోయిన. నీళ్లిద్దామని."

డాక్టరమ్మ మాస్క్ సరిగ్గా పెట్టుకోమని చెప్పి వెళ్లిపోయింది. మేమిద్దరం పైకప్పు చూస్తూ పడుకున్నాం. ఆ దగ్గు లేకపోతే ఆయన లేవడు. ఆయన పడకపోతే నేను లేవను. ఈ మాట మేము ఒకరితో ఒకరం ఇప్పటిదాకా అనుకోలేదు.

అత్తమ్మ మర్నాటికి కళ్లు తెరిచి మమ్మల్ని గుర్తుపట్టింది. ఇంటికి వెళ్లే రోజుకి నడిచింది కూడా. ఆ ఇల్లు ఖాళీ చేసి ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి మారాం. అంతా గడిచిపోయిందనుకున్నాం. దవాఖాన నుంచి వచ్చేముందు డాక్టరమ్మ, మళ్లీ తిరగబెట్టొచ్చని ఒక హెచ్చరిక చేసింది గానీ, అత్తమ్మ అంత బాగుండటం చూసి దాన్ని పట్టించుకోలేదు. కొన్ని వారాల తర్వాత ఆమె చెప్పినట్టే అయింది. అత్తమ్మ అడుగులు పొట్టివయ్యాయి. చెంచా పట్టుకుని దాంతో ఏం చేయాలో తెలియనట్టు కూర్చునేది. ఒకరోజు అలవాటుగా చీర ఒళ్లో పెట్టాను. చాలాసేపు నిమిరింది.

"ఇది మగ్గందేనా అత్తమ్మా?"

"ఏమో అక్కా," అంది నన్ను. "నాకేం ఎరుక?"

మళ్లీ అదే దవాఖానకు వెళ్లాం. ఈ విషం కొందరిని ఒకసారి వదిలి, తర్వాత ఇలా వెనక్కి వస్తుందట. మందులు, కాళ్లూ చేతులూ ఆడించే కసరత్తులు రాశారు. ఎండాకాలం ముగిసేసరికి చాలావరకు తేరుకుంది. నన్ను మళ్లీ బిడ్డా అని పిలిచింది. నడక మాత్రం పూర్తిగా రాలేదు. ఆ పాత ఇల్లు ఎందుకు విడిచామని అప్పుడప్పుడు అడుగుతుంది. అక్కడ బాగుండేదంటుంది. ఆమె ఏం తలుచుకుని అంటుందో తెలిసి, నేను వేరే మాట ఎత్తుతాను.

మొన్న చలికాలంలో మా పక్క ఫ్లాట్‌లోని అమ్మాయికి కాన్పు అయింది. వాళ్లమ్మ అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చి చూసుకుంటోంది. చూసి వద్దామని స్వెటర్ తీసుకుని వెళ్లాను. తలుపు తీయగానే వెచ్చదనం ముఖానికి తగిలింది. కిటికీలు మూసి, తలుపు కింది సందులో తువ్వాలు చుట్టి పెట్టారు. బాలింత మంచం కింద కుంపటి. బొగ్గులు పొగ లేకుండా ఎర్రగా ఉన్నాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ నిద్రపోతున్నారు. బిడ్డ బుగ్గలు గులాబీల్లా ఉన్నాయి.

నా చెయ్యి ముందే కిటికీ మీదికి వెళ్లిపోయింది.

"అయ్యో, గాలి కొడతది. పసిపిల్ల," అంది వాళ్లమ్మ లేస్తూ.

"జర ఒక్క నిమిషం అక్కా. పిల్ల తల్లిని లేపు ముందు."

నా గొంతులో ఏం విందో గానీ ఆమె వాదించలేదు. కూతురు భుజం తట్టింది. ఆ అమ్మాయి కళ్లు తెరవడానికి కొంచెం సమయం పట్టింది.

"తల్కాయ పలుగుతుంది ఆంటీ," అంది. "నిన్నటి సంది. పచ్చి ఒళ్లు కదా, గట్లనే ఉంటదని అమ్మ అన్నది."

బిడ్డను ఎత్తుకున్నాను. మెత్తగా, బరువుగా వేలాడింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అరికాలు గిల్లాను. మొదట ఏమీ లేదు. మళ్లీ గిల్లాను. ముఖం ముడుచుకుని, నోరు తెరిచి, ఏడుపు లంకించుకుంది. బాలింత తల్లి కుంపటి చెవులు గుడ్డతో పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్లింది.

"గింత కుంపటితోని ఏమైతది?" అంది అక్కడి నుంచి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. "మా అందరికీ గిట్లనే పెట్టిండ్రు."

"మీ ఇండ్లకు పెంకుల సందులుంటుండె అక్కా," అన్నాను. "ముగ్గురూ బయల్దేరుండ్రి, దవాఖానకు పోదం. దార్ల చెప్త."

ఆమె ఏదో అనబోయి కూతురి వైపు చూసింది. ఆ అమ్మాయి మంచం అంచు పట్టుకుని లేవడానికి ప్రయత్నిస్తోంది. వాళ్లమ్మ శాలువా తెచ్చి ఆమెకు కప్పింది. నేను ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకునే లిఫ్ట్ దగ్గరికి నడిచాను. ఏడుపు ఆపేస్తుందేమోనని దారి పొడుగునా అరికాలు నిమురుతూనే ఉన్నాను.